ఊకో అనడం సులువే

ఏ తప్పూ చేయకుండా మాట పడితే దానికి తెలుగులో ఒక ప్రత్యేకమైన పదం ఉంది: నీలాపనింద. మా పెబ్బేరులో అయితే "చవితి చంద్రుణ్ణి చూసినవా ఏంది?" అని నవ్వుతారు. మాది చర్చికి పోయే ఇల్లు. కానీ వినాయక చవితి నాడు పక్కింట్లో చదివే కథ మా వరండా దాకా వినిపిస్తుంది కాబట్టి, యోసేపు కథ ఎంత తెలుసో శమంతకమణి కథ కూడా నాకు అంతే తెలుసు. ఆ కథలో నాకు బాగా నచ్చేది ఒకటే. మణి కోసం ప్రసేనుణ్ణి చంపాడని సత్రాజిత్తు నింద వేస్తే కృష్ణుడు ఊరుకోలేదు. నలుగురిని వెంటబెట్టుకుని అడవికి పోయాడు. శవం దగ్గర సింహం అడుగులు, సింహం దగ్గర ఎలుగుబంటి అడుగులు చూసుకుంటూ జాంబవంతుడి గుహ దాకా పోయి, మణి తెచ్చి ఎవరు నింద వేశారో వాళ్ళ చేతిలోనే పెట్టాడు. మన సీఎస్ఈ వాళ్ళ భాషలో చెప్పాలంటే లాగ్స్ చదివి బగ్ పట్టుకున్నాడు.

మా చర్చి వాళ్ళ దగ్గర మాత్రం నింద పడ్డవాడికి దొరికే సలహా వేరు. "ఊకో బిడ్డా. యేసయ్య నోరు తెరిచిండా? దేవుడు చూస్తుండు." మా అవ్వ అంటుంది, పాస్టర్ గారు అంటారు, హాస్టల్ ప్రేయర్ గ్రూప్‌లో సీనియర్లూ అంటారు. ప్రేమతోనే అంటారు, అందులో సందేహం లేదు. మా వైపు, అంటే వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతంలో చర్చిలు చాలావరకు మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ నాటినవి. 16వ శతాబ్దంలో యూరప్‌లో రాజులూ చర్చి పెద్దలూ కలిసి వేటాడి చంపిన అనాబాప్టిస్టుల వారసులు వాళ్ళు. కొట్టినవాణ్ణి తిరిగి కొట్టొద్దు అనేది ఆ సంప్రదాయానికి పునాది రాయి. నాకు ఆ రాయి మీద గౌరవం ఉంది. కానీ తిరిగి కొట్టకపోవడం వేరు, నిజం చెప్పకపోవడం వేరు. ఈ రెండూ మనవాళ్ళు ఎప్పుడు కలిపేశారో తెలియదు గానీ, కలిపేశారు.

బైబిల్ తెరిస్తే ఈ కలపడం నిలబడదు. యేసు హేరోదు ముందు మౌనంగా ఉన్న మాట నిజమే, పిలాతు దగ్గర చాలా ప్రశ్నలకి జవాబు చెప్పని మాటా నిజమే. కానీ అదే రాత్రి, అంతకు కొన్ని గంటల ముందు, ప్రధాన యాజకుడి ఇంట్లో ఒక బంట్రోతు చెంప మీద కొడితే ఆయన ఊరుకోలేదు. నేను చెడ్డమాట అని ఉంటే అది ఏదో చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావు అనే అర్థంలో నిలదీశాడు. యోహాను సువార్త 18వ అధ్యాయం. తిరిగి కొట్టలేదు, తిట్టలేదు, ఆధారం అడిగాడు. గుడ్ ఫ్రైడే రోజు గంటల తరబడి సాగే ప్రసంగాల్లో ఈ మాట ఎందుకో వినిపించదు.

యోసేపు కూడా అంతే. సండే స్కూల్లో మనకి చెప్పే యోసేపు చెరసాలలో నోరు మెదపకుండా ఓపిక పట్టినవాడు. ఆదికాండంలో ఉన్న యోసేపు, విడుదలై పోతున్న పానదాయకుల అధిపతిని పట్టుకుని, నన్ను ఈ గోతిలో వేయడానికి నేను ఏమీ చేయలేదు, ఫరోకి నా సంగతి చెప్పు అని బతిమాలినవాడు. ఆ పెద్దమనిషి బయటికి పోయి రెండేళ్ళు మర్చిపోయాడు, అది వేరే విషయం. ఇక పౌలు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫెస్తు ముందు నిలబడి కైసరు దగ్గరే చెప్పుకుంటానన్నాడు, అంటే ఇప్పటి లెక్కలో సుప్రీంకోర్టుకి అప్పీలు.

నింద పడ్డవాడి నిజాయితీ అంటే నా వరకు ఇదీ: ఉన్నది ఉన్నట్టు చెప్పడం, తనని కాపాడుకోవడానికి ఇంకొకరి మీద అబద్ధం వేయకపోవడం, అడగాల్సిన చోట ఆధారం అడగడం. ఇది నాకు కొంత అనుభవం కూడా. సెకండియర్‌లో డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో రెండు ప్రోగ్రాములు ఒకేలా ఉన్నాయని తేలి, కాపీ కొట్టింది నేనని అన్నారు. నా దగ్గర గిట్ హిస్టరీ ఉంది. పదకొండు రోజుల కమిట్లు, తప్పులతో సహా, రాత్రి రెండింటికి పెట్టిన మెసేజ్‌లతో సహా. ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి చూపించాను, పది నిమిషాల్లో అయిపోయింది. రెండో ప్రోగ్రాం ఎవరిదో, వాళ్ళకి అది ఎలా చేరిందో నేను చెప్పలేదు, ఎందుకంటే నాకు తెలియదు. ఊహించి చెప్పమని అడిగినవాళ్ళు ఉన్నారు.

అయితే ఆ పది నిమిషాల గురించి తర్వాత చాలా ఆలోచించాను. నాకు లాగ్ ఉంది కాబట్టి బయటపడ్డాను. బతుకులో గిట్ హిస్టరీ లేనివాడి సంగతేంటి?

ఆ ప్రశ్నకి మన తెలుగు నేల మీదే ఒక జవాబు ఉంది. మన బ్యాచ్‌లో చాలామందికి ఈ కేసు పేరు తప్ప ఏమీ తెలియదు, మనం అప్పుడు చిన్నపిల్లలం లేదా పుట్టనేలేదు. 2007 డిసెంబర్ 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక లేడీస్ హాస్టల్‌లో బి.ఫార్మసీ విద్యార్థిని ఆయేషా మీరాని అత్యాచారం చేసి చంపేశారు. రాష్ట్రమంతా అట్టుడికింది. పోలీసుల మీద ఒత్తిడి. ఎవరో ఒకర్ని చూపించాలి. 2008 ఆగస్టులో ఒకర్ని చూపించారు. నందిగామ దగ్గరి అనాసాగరానికి చెందిన పిడతల సత్యంబాబు, పేద దళిత కుర్రాడు. సెల్‌ఫోన్ దొంగతనాలు చేసేవాడని, హాస్టల్ గోడ దూకి ఈ పని చేశాడని చెప్పారు. జైల్లో ఉన్న కాలంలో అతనికి గీలన్ బారీ అనే నరాల జబ్బు వచ్చి నడవలేని స్థితికి వచ్చాడు. 2010 సెప్టెంబర్‌లో విజయవాడ మహిళా కోర్టు జైలు శిక్ష వేసింది.

2017 మార్చి 31న అప్పటి ఉమ్మడి హైకోర్టు అతను నిర్దోషి అని తీర్పు చెప్పింది. దర్యాప్తు చేసిన తీరుని గట్టిగా తప్పుపట్టి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. ఏప్రిల్ 2న రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి బయటికి వచ్చాడు. అరెస్టయిన నాటి నుంచి ఎనిమిదేళ్ళ ఏడు నెలలకి పైమాటే. లక్షని ఆ నెలలతో భాగిస్తే నెలకి వెయ్యి రూపాయలు కూడా రాదు. మన హాస్టల్ మెస్ బిల్లు అంతకంటే ఎక్కువ.

ఇలాంటి మనిషి దగ్గరికి పోయి "ఊకో, దేవుడు చూస్తుండు" అనే ధైర్యం ఎవరికైనా ఉందా? దేవుడు చూస్తాడని నేనూ నమ్ముతాను. కానీ ఆ మాట సత్యంబాబుకి చెప్పాల్సింది కాదు, కేసు కట్టినవాళ్ళకి చెప్పాల్సింది. ఫిలిప్పీ పట్టణంలో పౌలునీ సీలనీ విచారణ లేకుండా బహిరంగంగా బెత్తాలతో కొట్టి జైల్లో వేశారు. తెల్లారాక అధికారులు, ఇక పొండి అని కబురు పంపారు. పౌలు కదల్లేదు. అందరి ముందూ కొట్టి ఇప్పుడు చాటుగా పంపిస్తారా, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలి అని కూర్చున్నాడు. వచ్చారు, బతిమాలుకున్నారు. అపొస్తలుల కార్యములు 16. పరువు నలుగురిలో తీశారు కాబట్టి నలుగురిలోనే తిరిగి ఇవ్వాలి అనే ఈ న్యాయం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇందులో పగ లేదు.

మన దగ్గర ఆ న్యాయం జరగబోయి వింతగా మారిన సందర్భం కూడా ఒకటుంది. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగాక పాతబస్తీ ముస్లిం కుర్రాళ్ళని చాలామందిని పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టారు. కోర్టుల్లో వాళ్ళు నిర్దోషులుగా తేలాక, కొన్నేళ్ళకి ప్రభుత్వం పరిహారం ప్రకటించి, దాంతోపాటు మంచి నడవడిక ఉందని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. పరిహారం ఇవ్వడాన్ని 2013లో హైకోర్టు కొట్టేసింది. నాకు సర్టిఫికెట్ల దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. ఇక్కడ నడవడిక సర్టిఫికెట్ ఎవరు ఎవరికి ఇవ్వాలి?

ఆయేషా కేసులో నన్ను నిద్రపోనివ్వని మనిషి మాత్రం సత్యంబాబు కాదు, ఆయేషా తల్లి శంషాద్ బేగం. కడుపుకోత పడ్డ తల్లికి ఒక పేరు ఇచ్చి, ఒక మొహం చూపించి, ఇదిగో వీడే, వీడికి శిక్ష వేయిస్తున్నాం అంటే, ఆ మొహాన్ని నమ్మేయడం ఎంత తేలిక! నమ్మితే ఏడుపుకి ఒక చివర దొరుకుతుంది. ఆమె నమ్మలేదు. మా అమ్మాయిని చంపింది ఇతను కాదు, అసలువాళ్ళని పట్టుకోండి అని అరెస్టు అయినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. శిక్ష పడ్డాక కూడా మాట మార్చలేదు. తనకి జరిగిన అన్యాయానికి ఇంకో తల్లి కొడుకుని బలి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. 2018లో కేసు సీబీఐకి వెళ్ళింది, 2019 డిసెంబర్‌లో తెనాలిలో ఆయేషా అవశేషాలని వెలికితీసి మళ్ళీ పరీక్షించారు. చంపింది ఎవరో ఇప్పటికీ ఏ కోర్టూ తేల్చలేదు.

చూడండి, తప్పుడు మనిషి మీద నేరం మోపితే ఇద్దరికి అన్యాయం జరుగుతుంది. సత్యంబాబు ఎనిమిదేళ్ళు పోయాయి, ఆయేషాకి రావాల్సిన న్యాయం దారి కూడా ఆ ఎనిమిదేళ్ళూ మూసుకుపోయింది. అందుకే శంషాద్ బేగం చేసింది కేవలం దయ అనను. అది కూతురి పక్షాన నిలబడటం కూడా. ఆమె ముస్లిం. పది ఆజ్ఞల్లో తొమ్మిదోది, పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం వద్దనేది, ఆమె పాటించినంత కఠినంగా పాటించిన క్రైస్తవుణ్ణి నేను చూడలేదు.

మనం గమనించం గానీ, ఆ ఆజ్ఞ నింద పడ్డవాడికి చెప్పింది కాదు. వాడి చుట్టూ ఉన్నవాళ్ళకి చెప్పింది. నిర్గమకాండం 23వ అధ్యాయం మొదట్లోనే రెండు సంగతులు పక్కపక్కన ఉంటాయి: అబద్ధపు వార్త పుట్టించొద్దు, చెడు చేయడానికి గుంపు వెంట పోవద్దు. ఫార్వర్డు, మూకదాడి. మూడు వేల ఏళ్ళ కిందటి పుస్తకంలో మన ఫోన్ పక్కపక్కన కనిపిస్తోంది! నాబోతు కథ కూడా ఇదే. రాజు అహాబుకి అతని ద్రాక్షతోట కావాలి, రాణి యెజెబెలు రాజముద్ర వేసి ఊరి పెద్దలకి ఉత్తరాలు పంపింది. ఇద్దరు అబద్ధ సాక్షులని కూర్చోబెట్టండి, రాళ్ళతో కొట్టండి అని. ఆ కథలో యెజెబెలునే అందరూ తిడతారు. నాకు కోపం వచ్చేది ఊరి పెద్దల మీద. నాబోతు వాళ్ళ ఊరివాడే. వాళ్ళకి తెలుసు. ఉత్తరం మీద ముద్ర ఉంది కాబట్టి చేసేశారు.

మా జిల్లా ఈ పరీక్షలో ఒకసారి కూర్చుంది. 2018 ఎండాకాలం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, అవయవాలు కోసుకుపోతున్నారని వాట్సాప్‌లో వీడియోలు. ఎక్కడివో, ఎప్పటివో. మా వైపు ఎండాకాలం అంటే వాకిట్లో మంచాలు వేసుకుని పడుకోవడం. ఆ ఏడు ఊళ్ళల్లో జనం ఉక్కపోతకి చస్తూ తలుపులు వేసుకుని లోపల పడుకున్నారు. అప్పుడు గద్వాల, వనపర్తి జిల్లాల పోలీసు బాధ్యతలు చూస్తున్న ఎస్పీ రెమా రాజేశ్వరి గారి దృష్టికి ఇది వచ్చింది కూడా అలాగే, జనం బయట పడుకోవడం మానేశారని కింది సిబ్బంది చెప్పడంతో. ఆమె నాలుగు వందలకి పైగా ఊళ్ళకి పోలీసులని పంపించారు. ఊరికో పోలీసు, ఆ ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఆ పోలీసు నంబర్. డప్పు కొట్టించారు, జానపద కళాకారులతో పాటలు పాడించారు, వచ్చిన వీడియో నిజమా కాదా ముందు మమ్మల్ని అడగండి అని చెప్పించారు. ఆమె పరిధిలోని ఆ ఊళ్ళల్లో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

పక్కన ఏం జరిగిందో చూస్తే దీని విలువ తెలుస్తుంది. అదే మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, మన పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి పోయి అడుక్కుని బతికే ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషి అనుకుని గుంపు చంపేసింది. జూలైలో బీదర్ జిల్లా ముర్కి దగ్గర, పిల్లలకి చాక్లెట్లు ఇచ్చినందుకు హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఒకతన్ని చంపేశారు. మనలాగే చదివి, మనం వెతుక్కోబోయే ఉద్యోగమే చేస్తున్నవాడు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ని ఐదు చాట్లకి కుదించింది. అప్పటిదాకా ఇంజినీర్లకి ఆ సంగతి తట్టలేదు.

పెబ్బేరువాళ్ళం కాబట్టి మాకు ఇది ఇంకాస్త గట్టిగా తగులుతుంది. ప్రతి శనివారం మా ఊళ్ళో సంత. ఎద్దులూ గొర్లూ తోలుకుని, వ్యాన్లలో వేసుకుని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. కర్నూలు వైపు నుంచి, రాయచూరు వైపు నుంచి. వేషం వేరు, యాస వేరు. సంతంటేనే ముక్కూమొహం తెలియని మనుషులు. ఒక్క వీడియో నమ్మితే ఆ రోజు ఊళ్ళో సగం మంది దొంగల్లా కనిపిస్తారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నన్ను తప్పుగా వాడుకుంటారు. యోసేపు కథని, పోతీఫరు భార్యని అడ్డం పెట్టుకుని, అమ్మాయి ఏ ఫిర్యాదు చేసినా "చూశావా, అబద్ధపు నింద" అనే అబ్బాయిలు మన కాలేజీలో ఉన్నారు, చర్చిల్లోనూ ఉన్నారు. నేను వాళ్ళ పక్షం కాదు. ఫిర్యాదు వినాలి, కమిటీకి వెళ్ళాలి, విచారణ జరగాలి. ద్వితీయోపదేశకాండం న్యాయాధిపతులని బాగా విచారించమనే చెప్పింది, వినొద్దని చెప్పలేదు. "నిప్పు లేనిదే పొగ రాదు" అని తీర్పు ఇచ్చేసేవాడూ, "అమ్మాయిలంతా ఇంతే" అని తీర్పు ఇచ్చేసేవాడూ ఒకే పని చేస్తున్నారు: విచారణ ఎగ్గొడుతున్నారు.

ఇంత రాయడానికి కారణం మన హాస్టల్. పోయిన సెమిస్టర్‌లో ఒక ఫోన్ పోయింది. గంట తిరగకముందే మెస్‌లో వడ్డించే ఒక అన్న ఫోటో హాస్టల్ గ్రూప్‌లో పడింది, కింద "వీడే" అని రాసి. ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. ఆ టైంలో ఆ ఫ్లోర్‌లో కనిపించాడట, అంతే. వాటర్ క్యాన్లు మోసేవాడు ఆ ఫ్లోర్‌లో కాకపోతే ఎక్కడ కనిపిస్తాడు? ఆ ఫోటో అక్కడ్నుంచి సెక్షన్ గ్రూపులకి, ఇన్‌స్టా కన్ఫెషన్స్ పేజీకి పోయింది. అతనికి గ్రూప్ లేదు, గిట్ హిస్టరీ లేదు, నిలబడి ఆధారం అడిగే చోటు లేదు. రెండు రోజులకి ఫోన్ దొరికింది, ఫోన్ ఓనర్ స్పోర్ట్స్ బ్యాగ్‌లోనే. గ్రూప్‌లో "దొరికింది గయ్స్" అని ఒక మెసేజ్. దాని కింద చప్పట్ల ఎమోజీలు. అన్న గురించి ఒక్క ముక్క లేదు. నేను అడిగితే "అయిపోయింది కదా, వదిలెయ్" అన్నారు. ఆ నెలాఖరు నుంచి అతను పనికి రావడం లేదు. మెస్‌లో మిగతావాళ్ళని అడిగితే, వాళ్ళూ "ఊకో సార్" అనే అన్నారు.

ఆ ఫోటో పేజీలో ఇంకా ఉంది, ఈ వ్యాసం రాస్తున్న రోజు ఉదయం కూడా చూశాను. పేజీ నడిపేది ఎవరో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. వాళ్ళు ఈ మ్యాగజైన్ చదువుతారని మాత్రం తెలుసు, పోయిన సంచికలో కవితలని ఎగతాళి చేశారు కాబట్టి. ఫోటో తీసేస్తే సరిపోదు. "ఈయన ఫోన్ తీయలేదు, అది ఓనర్ బ్యాగ్‌లోనే దొరికింది" అని అదే పేజీలో, అదే హాస్టల్ గ్రూప్‌లో, ఫోటో పోయిన ప్రతి సెక్షన్ గ్రూప్‌లో పెట్టండి. మెస్ కాంట్రాక్టర్ దగ్గర అతని నంబర్ ఉంటుంది. నేను పోయి అడిగే రోజు నాతో వచ్చేవాళ్ళు ఉంటే, శుక్రవారం సాయంత్రం క్లబ్ రూమ్ దగ్గర ఉంటాను.